ఆగిపోయిన ఫలితానికి కారణం కాగితం మీద చెప్పండి

సంపాదకుల వారికి,

నమస్కారం.

డిగ్రీ ఫలితాలు వచ్చిన మర్నాడు మీ పత్రిక జిల్లా పేజీలో ఎంతమంది పరీక్ష రాశారు, ఎంతమంది పాసయ్యారు, శాతం ఎంత అన్నది వేస్తారు. ఆ వార్త నేను తప్పకుండా చదువుతాను. అయితే పాసైన వాళ్లలోనూ తప్పిన వాళ్లలోనూ చేరని పిల్లలు ప్రతి సెమిస్టర్‌లో కొందరుంటారు. నెట్‌లో నంబరు కొడితే అన్ని సబ్జెక్టులకీ గ్రేడ్లు వస్తాయి, ఒక్కదాని ఎదురుగా ఖాళీ ఉంటుంది. చివర ‘ఇన్‌కంప్లీట్’ (పూర్తికాలేదు) అనో ‘విత్‌హెల్డ్’ (ఆపి ఉంచారు) అనో ఉంటుంది. ఎందుకు ఆగిందో ఉండదు. ఆ పిల్లల గురించే ఈ ఉత్తరం.

నేను మన జిల్లాలోనే ఒక డిగ్రీ కాలేజీ పరీక్షల సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంట్‌గా చేసి రిటైరయ్యాను. ఉండేది ఆమదాలవలసలో. నామినల్ రోల్స్ (పరీక్ష రాసేవాళ్ల జాబితాలు) రాయడం, ఫీజులు కట్టించడం, కాలేజీలోనే వేసే ఇంటర్నల్ మార్కులు ఎక్కించడం, మెమోలు పంచడం, ఇదే నా ఉద్యోగం. ఇప్పటికీ ఫలితాలొచ్చిన వారంలో మా వీధి పిల్లలూ, వాళ్ల స్నేహితులూ ఫోన్లు పట్టుకుని మా ఇంటికొస్తారు. ‘ఏటి మేడం, ఫెయిలేనా?’ అన్నదే అందరి మొదటి మాట.

ఫెయిల్ కాదు. ఇది ముందుగా ఇంట్లో పెద్దవాళ్లకి తెలియాలి. 2015లో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఇచ్చిన పది పాయింట్ల గ్రేడ్ల పట్టికలో ‘ఓ’ నుంచి ‘పి’ వరకు పాస్ గ్రేడ్లు, తరవాత ‘ఎఫ్’ అంటే ఫెయిల్, ‘ఏబీ’ అంటే ఆబ్సెంట్. అక్కడితో సరి. మన డిగ్రీ పిల్లల ఫలితంలో కనపడే ‘ఇన్‌కంప్లీట్’ గ్రేడు కాదు. లెక్క పూర్తికాలేదని చెప్పడం మాత్రమే. ఎక్కడో ఒక మార్కు ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్లకి చేరలేదు. అది చేరితే ఫలితం వస్తుంది. చేరేదాకా మాత్రం ఆ పిల్ల పాసైనట్టు ఎవరూ ఒప్పుకోరు, పీజీ కౌన్సెలింగ్‌లో గానీ ఉద్యోగం దరఖాస్తులో గానీ.

కిందటిసారి సరుబుజ్జిలి వైపు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. బీఎస్సీ చివరి ఏడాది. తండ్రి చెన్నైలో తాపీపని, తల్లి ఇంటి దగ్గర. ఫలితం చూసిన నెట్ సెంటరు కుర్రాడు ‘పోయిందమ్మా’ అన్నాడట. ఆ మాట ఇంటికెళ్లింది. ‘మా గుంట తప్పిపోయింది’ అని తల్లి ఏడుపు. తండ్రి ఫోన్లో ‘ఇంక చదువు చాలు, సంబంధం చూద్దాం’ అన్నాడు. ఆ పిల్ల భయపడి, ఎవర్నీ అడక్కుండా, ఆ సెమిస్టర్ పేపర్లన్నిటికీ సప్లిమెంటరీ ఫీజు కట్టేసింది. చెవిదుద్దులు తాకట్టు పెట్టి కట్టింది. నేను ఆ ఫలితం చూస్తే రాసిన పేపర్లన్నీ పాసే, మంచి గ్రేడ్లే. ఒక్క ఇంటర్న్‌షిప్ మార్కు లేదు. ఆ మార్కు వెయ్యాల్సిన లెక్చరర్ మధ్యలో బదిలీ మీద వెళ్లిపోయారు. ఆయన వేసిన అవార్డు లిస్టు, అంటే మార్కుల జాబితా, డిపార్ట్‌మెంట్ బీరువాలోనే ఉండిపోయింది. కాలేజీ నుంచి యూనివర్సిటీకి వెళ్లనే లేదు. ఈ పిల్లదే కాదు, ఆ లిస్టులో ఉన్న అందరి ఫలితాలూ ఆగాయి. కాలేజీలో ఎవరికీ పట్టలేదు.

ఆ పిల్ల చేత దరఖాస్తు రాయించి, ప్రిన్సిపల్‌కి ఇప్పించి, రెండో కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకున్నాం. ముద్ర పడ్డాక కదిలారు. బీరువా తీశారు, లిస్టు దొరికింది, ప్రిన్సిపల్ కవరింగ్ లెటర్‌తో వెళ్లింది, ఫలితం వచ్చింది. కట్టిన సప్లిమెంటరీ ఫీజు మాత్రం రాలేదు. దుద్దులు ఇప్పటికీ తాకట్టులోనే ఉన్నాయేమో నాకు తెలీదు, అడగడానికి మనసొప్పలేదు.

ఇలాంటివి ఈ మధ్య ఎక్కువగా ప్రాజెక్టులూ ఇంటర్న్‌షిప్పుల దగ్గరే చూస్తున్నాను. 2020-21 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీలో చేరినవాళ్లకి పది నెలల ఇంటర్న్‌షిప్ తప్పనిసరి చేశారు. మొదటి ఏడాది అయ్యాక సెలవుల్లో రెండు నెలల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, 180 గంటలు. రెండో ఏడాది అయ్యాక రెండు నెలల ఇంటర్న్‌షిప్. ఆ తరవాత ఒక సెమిస్టరంతా ఇంటర్న్‌షిప్. మంచి ఆలోచన, నేను కాదనను. ఉద్దానం ఊళ్లలో ఇంటింటికీ తిరిగి కిడ్నీ జబ్బుల గురించి, తాగే నీళ్ల గురించి రాసుకొచ్చిన పిల్లల రికార్డులు నేను చదివాను. పలాసలో జీడిపిక్కలు కొట్టే ఆడవాళ్ల కూలి గురించి ఒక పిల్లవాడు రాసిన పేజీలు మా సెక్షన్‌లో అందరం కూర్చుని చదివాం. పొందూరు వెళ్లి నూలు వడికే ముసలమ్మలతో మాట్లాడి వచ్చినవాళ్లున్నారు. పరీక్ష హాల్లో మూడు గంటలు రాసిన జవాబుల కన్నా ఇందులో కష్టం ఎక్కువ.

అయితే పరీక్ష పేపరుకున్న రక్షణ ఈ రికార్డుకి లేదు. పరీక్షలో జవాబు పత్రానికి నంబరుంటుంది, హాల్లో సంతకం తీసుకుంటారు, కట్టకట్టి సీలు వేస్తారు. రికార్డుకి ఏముంది? పిల్లలు తెచ్చి స్టాఫ్‌రూమ్ బల్ల మీద పెట్టి వెళ్లిపోతారు. తీసుకున్నట్టు ఎవరూ రాసివ్వరు. లాగ్‌బుక్‌లో ఒక వారం సంతకం లేకపోతే, వైవా రోజున పిల్లవాడికి జ్వరమొస్తే, మెంటర్ లెక్చరర్ కాంట్రాక్టు అయిపోయి మానేస్తే, ఆ మార్కు గాల్లో ఉండిపోతుంది. గెస్ట్ లెక్చరర్లతో నడుస్తున్న కాలేజీల్లో ఇది మరీ ఎక్కువ. అందుకే పిల్లలకి గట్టిగా చెప్తున్నాను. రికార్డు ఇచ్చే ముందు ప్రతి పేజీ ఫోన్లో ఫొటో తీసుకోండి. సంస్థవాళ్లిచ్చిన సర్టిఫికెట్ అసలుది ఇచ్చేస్తే జిరాక్స్ మీ దగ్గర ఉంచుకోండి. లాగ్‌బుక్ చివరి పేజీ జిరాక్స్ మీద ‘అందినది’ అని రాయించి, తారీఖుతో సంతకం తీసుకోండి. లెక్చరర్‌గారు ఏమనుకుంటారో అని మొహమాటపడకండి. సంతకం అడగడం మర్యాద తక్కువ పని కాదు.

రెండో రకం, పరీక్ష రాసినా ఆబ్సెంట్ అని రావడం. ఇది మరీ కంగారు పెడుతుంది కానీ సరిచెయ్యడం కష్టం కాదు. హాల్లో మీ చేత సంతకం పెట్టించుకున్న హాజరు షీటు ఉంటుంది. మేం డి-ఫారం అనేవాళ్లం. అందులో మీ నంబరు ఎదురుగా మీరు రాసిన జవాబు పత్రం నంబరుంటుంది. పత్రం మీద రిజిస్టర్ నంబరు ఒక అంకె తప్పు దిద్దినా, పాత పేపరు కోడు వేసినా, ఈ షీటు చూసి పట్టుకోవచ్చు. సెంటరు చీఫ్ సూపరింటెండెంట్ దగ్గర కాపీ ఉంటుంది. పరీక్ష రాసింది వేరే కాలేజీలో అయితే ముందు ఆ సెంటరు నుంచి ‘ఫలానా తేదీన హాజరయ్యారు’ అని రాయించుకుని మీ కాలేజీకి ఇవ్వండి. హాల్‌టికెట్ మీద ఇన్విజిలేటర్ సంతకం ఉంటే అదీ సాక్ష్యమే. పరీక్షలు అయిపోయాయని హాల్‌టికెట్లు పారేసే పిల్లలు ఎంతమందో. చివరి మెమో చేతికొచ్చేదాకా దాచండి.

ఇంటర్నల్స్ సంగతి వేరు. ఒక కాలేజీ నుంచి ఇంకో కాలేజీకి మారిన పిల్లలకి పాత కాలేజీ ఇంటర్నల్ మార్కులు కొత్త కాలేజీకి రాక ఆగిపోతాయి. ఇంటర్నల్ పరీక్ష రోజునే జ్వరం వచ్చి రాయలేకపోయినవాళ్లుంటారు. మా కాలేజీలో డాక్టరు సర్టిఫికెట్ పెట్టి అడిగితే ప్రిన్సిపల్ అనుమతితో మళ్లీ పెట్టేవాళ్లు. కానీ సెమిస్టర్ నడుస్తుండగా అడగాలి. మార్కులు యూనివర్సిటీకి వెళ్లాక అడిగితే కాలేజీ చేతిలో ఏమీ ఉండదు.

హాజరు తక్కువై డిటైన్ చేసినదీ (పరీక్ష రాయనివ్వనిదీ), కాపీ కొడుతూ పట్టుబడి విత్‌హెల్డ్ అయినదీ వేరే దారులు. వాటికి విచారణలూ, తక్కువైన హాజరుని మన్నించడానికి కట్టించుకునే కండోనేషన్ ఫీజులూ ఉంటాయి. అక్కడ కూడా కారణం రాసిమ్మని అడగవచ్చు.

మా తమ్ముడి కూతురు అమెరికాలో చదువుతోంది. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ‘ఐ’ అని ఒక గ్రేడే ఉందని చెప్పింది. చదువు చాలావరకు బాగానే సాగించి, చివర్లో ఒళ్లు బాగాలేకో ఇంట్లో కష్టం వచ్చో పని మిగిలిపోయిన పిల్లలకి ఇస్తారట. ఇచ్చేముందు ప్రొఫెసరూ విద్యార్థీ కూర్చుని ఏ పని మిగిలింది, ఎప్పటిలోగా ఇవ్వాలి అని కాగితం మీద రాసుకుంటారు. గడువు దాటితే చాలాచోట్ల అది ఎఫ్ అయిపోతుంది. మన దేశంలో ఐఐటీ ఢిల్లీలో కూడా ‘ఐ’ గ్రేడు ఉంది. గ్రేడు పేరు మనకి కొత్తగా అక్కర్లేదు గానీ, ఆ రాసుకోవడం కావాలి. పిల్లకి ఏం మిగిలిందో తెలుసు, పంతులుగారికి ఎప్పటిలోగా చూడాలో తెలుసు. మన దగ్గర ఇద్దరికీ తెలీదు. పిల్ల ‘సారు చూసుకుంటారు’ అనుకుంటుంది, సారు ‘ఆఫీసు చూసుకుంటుంది’ అనుకుంటారు, ఆఫీసు ‘యూనివర్సిటీ నుంచి రావాలి’ అంటుంది.

అందుకని ఫలితం ఆగిందని తెలిసిన రోజే కాలేజీ పరీక్షల సెక్షన్‌కి వెళ్లాలి. నేరుగా ఎచ్చెర్ల బస్సెక్కకండి. 2008లో అక్కడ అంబేడ్కర్ యూనివర్సిటీ రాకముందు చిన్న సవరణకైనా పాసింజరు రైలెక్కి వాల్తేరులోని ఆంధ్రా యూనివర్సిటీకి వెళ్లేవాళ్లం, ఆ రోజుల నుంచీ నేను చూసింది ఇదే. కాలేజీ ఉత్తరం లేకుండా పిల్ల ఒక్కతే వెళ్తే ఏ యూనివర్సిటీ ఎగ్జామ్ సెక్షన్ వాళ్లయినా ‘మీ ప్రిన్సిపల్ ద్వారా పంపించమ్మా’ అనే అంటారు. వాళ్ల తప్పు కాదు, పద్ధతి అది. బస్సు ఛార్జీలూ ఒక రోజూ దండగ.

దరఖాస్తు ప్రిన్సిపల్ పేరు మీద రాయండి. రిజిస్టర్ నంబరు, గ్రూపు, సెమిస్టర్, పరీక్ష జరిగిన నెల, సంవత్సరం, ఆగిన పేపరు పేరూ కోడూ ఉండాలి. నెట్‌లో వచ్చిన ఫలితం ప్రింటు, హాల్‌టికెట్ జిరాక్స్ జతచెయ్యండి. ‘నా ఫలితం ఏ కారణం వల్ల ఆగిందో రాతపూర్వకంగా తెలియజేయగలరు’ అన్న వాక్యం తప్పకుండా రాయండి. చాలామంది ‘నా ఫలితం ఇప్పించగలరు’ అని రాసి ఊరుకుంటారు. దానికి ‘చూస్తాం’ అని చెప్పి పంపేస్తారు. కారణం అడిగితే ఎవరో ఒకరు ఫైలు తియ్యక తప్పదు. రెండో కాపీ మీద ముద్ర, తారీఖు వేయించుకోండి. కాలేజీ నుంచి యూనివర్సిటీకి వెళ్లిన ఉత్తరం నంబరూ తారీఖూ అడిగి రాసుకోండి. ఆ నంబరుంటే తరవాత ఎచ్చెర్ల వెళ్లినా పని అవుతుంది.

సప్లిమెంటరీ ఫీజు గడువు విషయం జాగ్రత్తగా చూసుకోవాలి. ఆగిన పేపరు నిజంగా తప్పిందో, మార్కు చేరక ఆగిందో గడువులోగా తేలకపోతే, ఆ ఒక్క పేపరుకి కట్టడం నయం. ఆ పిల్లలాగా అన్నిటికీ కట్టకండి, పాసైనవి పాసయినట్టే. రీవాల్యుయేషన్‌కి కట్టించే నెట్ సెంటర్లూ ఉన్నాయి. లేని మార్కుని మళ్లీ దిద్దడం ఏముంటుంది? ఆ డబ్బు వృథా.

కాలేజీ కదలకపోతే ఏం చెయ్యాలో చాలామంది పిల్లలకి తెలీదు. 2023 ఏప్రిల్‌లో యూజీసీ విద్యార్థుల ఫిర్యాదుల పరిష్కారానికి నిబంధనలు తెచ్చింది. వాటి ప్రకారం కాలేజీల్లో ఫిర్యాదుల కమిటీ ఉండాలి. అందులో మహిళ ఒకరు, ఎస్సీ, ఎస్టీ, బీసీల నుంచి ఒకరు తప్పకుండా ఉండాలి. ప్రకటించిన షెడ్యూలు దాటి ఫలితాలు ఆలస్యం కావడం కూడా ఫిర్యాదు కిందకే వస్తుందని అందులో ఉంది. ఫిర్యాదు అందాక 15 పనిదినాల్లో కమిటీ నివేదిక ఇవ్వాలన్నది ఉద్దేశం, దాని కాపీ విద్యార్థికీ రావాలి. నచ్చకపోతే 15 రోజుల్లోగా యూనివర్సిటీ అంబుడ్స్‌పర్సన్‌కి (ఫిర్యాదులు వినే అధికారికి) అప్పీలు చేసుకోవచ్చు. ఆ పదవిలో రిటైరైన వైస్ ఛాన్సలరో, ప్రొఫెసరో, జిల్లా జడ్జిగా చేసినవారో ఉంటారు. వాళ్లు 30 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలి. ఈ కమిటీ ఉందని చెప్పే బోర్డు ఏ కాలేజీలో అయినా పిల్లల కళ్ల ముందు కనిపిస్తోందా అని మీ విలేకరులు ఒకసారి చూసి రాస్తే మేలు.

సమాచార హక్కు చట్టం కూడా ఉంది. పది రూపాయల ఫీజుతో యూనివర్సిటీకి దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబివ్వాలి. దారిద్య్రరేఖకి దిగువన ఉన్నవాళ్లకి ఆ పది రూపాయలూ అక్కర్లేదు. దిద్దిన జవాబు పత్రం చూసుకునే హక్కు రాసినవాళ్లకి ఉందని 2011లో సుప్రీంకోర్టు చెప్పింది. సున్నా వచ్చిందనో ఆబ్సెంట్ పడిందనో అనుమానం ఉన్నవాళ్లకి ఇది ఉపయోగం. కానీ ఇక్కడిదాకా రానవసరం లేదు. నేను చూసిన కేసుల్లో ఎక్కువ భాగం కాలేజీ గేటు లోపలే తేలిపోయాయి.

మాలాంటి ఆఫీసు స్టాఫ్ వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఒకప్పుడు ఏడాదికి ఒకసారి పరీక్ష, ఒక మెమో. ఇప్పుడు సెమిస్టర్లు, ఇంటర్నల్స్, స్కిల్ కోర్సులు, ప్రాజెక్టులు, ఇంటర్న్‌షిప్పులు, ఒక్కొక్కదానికీ ఒక లాగిన్, ఒక చివరి తేదీ. ఖాళీ అయిన పోస్టులు నింపలేదు. ఇద్దరు చేసిన పని ఒకరు చేస్తున్నారు, దాంట్లో ఒక అంకె జారిపోవచ్చు. జారినందుకు ఎవర్నీ శిక్షించమని నేను అనను. జారిందని తెలిశాక దాన్ని పిల్లకి చెప్పకపోవడమే నాకు బాధ. ‘ఏమో, నెట్‌లో చూసుకో’ అని కిటికీ వేసేస్తే ఆ పిల్ల ఎవరి దగ్గరికి వెళ్తుంది? తండ్రి వలస వెళ్లినచోట ఉంటాడు. తల్లికి చదువు రాదు. ఇంట్లో మొదటి డిగ్రీ తనదే. మన జిల్లాలో సగం కథలు ఇలాగే ఉంటాయి.

కాబట్టి ప్రిన్సిపాళ్లందరికీ నా విన్నపం ఒకటే. ఫలితాలు వచ్చిన వారంలోగా మీ కాలేజీలో ఎవరెవరి ఫలితం ఆగిందో నంబర్లు రాసి, ఎదురుగా కారణం రాసి నోటీసు బోర్డు మీద పెట్టండి. ‘ఇంటర్న్‌షిప్ మార్కు పంపలేదు, పంపుతున్నాం’, ‘హాజరు షీటు సరిచూస్తున్నాం’, ‘పాత కాలేజీ నుంచి ఇంటర్నల్స్ రావాలి’, అంతే, ఒక్కో లైను చాలు. పేర్లు వద్దు, నంబర్లు చాలు. మీ లాగిన్‌లో ఆ వివరం ఉంటుంది, తియ్యడానికి ఒక పూట పని. ఆ బోర్డు ఆఫీసు లోపల కాకుండా గేటు దగ్గర ఉండాలి, ఆఖరి బస్సు దిగి సాయంత్రం వచ్చిన పిల్లకి కూడా కనపడేలా.

మీ పత్రికకి కూడా ఒక విన్నపం. ఉత్తీర్ణత శాతం వేసే రోజున దాని కిందే సప్లిమెంటరీ ఫీజుకి ఆఖరి తేదీ, ‘ఫలితం ఆగినవాళ్లు ఫీజు కట్టేముందు కాలేజీ పరీక్షల సెక్షన్‌లో కారణం అడగండి’ అన్న మాట వెయ్యండి. నెట్ సెంటర్లలో మీ పేపరు గోడకి అంటించి ఉంటుంది. అక్కడ ఫోన్ పట్టుకుని నిలబడిన పిల్లకి అదే చాలు.

ఇట్లు,
పరీక్షల సెక్షన్‌లో పనిచేసి రిటైరైన ఒక సీనియర్ అసిస్టెంట్,
ఆమదాలవలస, శ్రీకాకుళం జిల్లా